నూనె ఎక్కడుంది?

ధ్యాన భాగాలు: మత్తయి 25:1-13, జెకర్యా 4:1-14, నిర్గమకాండము 16:13-21



గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో పరిచర్య చేసేవాళ్లకు పత్తి, మిరప సంగతి తెలియకపోతే కుదరదు. మా సంఘంలో ప్రార్థన మనవుల చీటీలు తెరిస్తే సగం వాటి గురించే ఉంటాయి. వాన పడలేదని ఒకరు, పడకూడని రోజు పడిందని మరొకరు, ధర లేదని ఇంకొకరు. 2022లో జిల్లాలు విడిపోయి మన మండలాలు కొన్ని పల్నాడుకీ, కొన్ని బాపట్లకీ వెళ్లాయి. పొలాలు మాత్రం అవే, పురుగు అదే, అప్పూ అదే.

ఈ వారం ధ్యానానికి ఇంజిన్‌లో పోసే ఇంధనాన్ని తీసుకున్నాం. పాస్టర్లకు ఇంజిన్ల గొడవ ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. మన ప్రభువు విత్తనాలు చూపించి బోధించాడు, వల చూపించాడు, పులిసిన పిండి చూపించాడు. ఆయన మన ఊరి చేను గట్టున నిలబడితే వీపున మోసే పవర్ స్ప్రేయర్‌ను చూపించకుండా ఉంటాడా అని మేము అనుకుంటాం.

మన చేలల్లో ఇప్పుడు చేతి పంపులున్నాయి, బ్యాటరీ పంపులున్నాయి, డ్రోన్లు కూడా వచ్చాయి. పెట్రోలుతో నడిచేవి మాత్రం రెండు రకాలు: టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే తాడు, అదే ట్యాంకు, అదే పట్టీలు. వీపుకెత్తుకున్నవాడికి కూడా బరువులో తప్ప తేడా తెలియదు. తేడా అంతా నూనె ఎక్కడుంది అనే దాంట్లోనే ఉంది.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో నూనెకు వేరే గది లేదు. పెట్రోలు, గాలి కలిసి ముందు పిస్టన్ కిందున్న గదిలోకి పోయి, అక్కణ్నుంచి పైకెక్కి మండుతాయి. ఆ దారిలోనే క్రాంకు, బేరింగులు, కనెక్టింగ్ రాడ్డు, పిస్టన్ ఉంటాయి. వాటికి తడి తగలాలంటే పెట్రోల్లోనే నూనె కలిసి ఉండాలి. అందుకే టూటీ ఆయిల్ కలుపుతాం. కంపెనీ పుస్తకంలో 1:25 అని ఉంటే లీటరుకు 40 మి.లీ., 1:50 అని ఉంటే 20 మి.లీ. ఆ నూనె తన పని తాను చేసి, పెట్రోలుతో పాటే కాలి, పొగై పోతుంది. కనుక ప్రతి లీటరుకూ కొత్తగా కలపాల్సిందే. నిన్న కలిపింది నిన్నటితోనే సరి.

ఫోర్ స్ట్రోక్ సంగతి వేరు. పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం అని నాలుగు పనులు నాలుగు కదలికల్లో చేస్తుంది. నూనె అడుగున వేరే గదిలో ఉండి, లోపలే తిరుగుతూ భాగాలను తడుపుతుంది. ట్యాంకులో ఒట్టి పెట్రోలే పోయాలి. 35 సీసీ ఇంజిన్‌కు పట్టే నూనె సుమారు 100 మి.లీ., అంటే ఒక చిన్న టీ గ్లాసుడు. నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరిగే ఇనుమంతా ఆ గ్లాసుడు నూనె మీదే బతుకుతుంది. అది నల్లబడితే మార్చాలి, తగ్గితే పోయాలి. రోజూ మూత తీసి మట్టం చూసుకుంటే తప్ప తెలియదు.

ఇంతవరకూ తెలిసిన విషయమే. తెలిసిన విషయమే ఒక ఇంటిని ఎలా కుదిపిందో చెబుతాం.

మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. వేర్లు పడ్డా కొట్టం ఒక్కటే. అన్నకు సొంత పొలం లేదు, రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. కౌలు ముందే కట్టాలి, నారుకు, ఎరువుకు, మందుకు వడ్డీకి తేవాలి. ఆయన దగ్గర పాత టూ స్ట్రోక్ స్ప్రేయర్ ఉంది. తమ్ముడు ఆ ఏడాదే కొత్తగా ఫోర్ స్ట్రోక్ కొన్నాడు. కొట్టంలో ఇద్దరి పెట్రోలూ ఐదు లీటర్ల మంచినూనె క్యాన్లలోనే ఉండేది. రెండు క్యాన్లూ తెల్లనివే, పక్కపక్కనే.

అది 2021 చివర. మన తోటల మీద నల్ల తామర పురుగు పడ్డ సంవత్సరం. పూతలో గుంపులుగా చేరి, పూత రాలిపోయి, కాయ నిలవక, పెద్ద పెద్ద రైతులే తోటలు పీకేసిన రోజులవి. రేపు కొడదాంలే అనుకునే వీలు లేదు. ఆ తెల్లవారుజామున అన్న చీకట్లోనే కొట్టంలోకి వెళ్లి చేతికందిన క్యాన్ ఎత్తి ట్యాంకు నింపుకున్నాడు. అది తమ్ముడి క్యాన్. నూనె కలపని పెట్రోలు.

ఇంజిన్ ఒక్క లాగుకే అందుకుంది. ఎప్పటికన్నా చురుగ్గా మోగింది, పొగ కూడా లేదు. మూడో సాలు సగానికి వచ్చేసరికి శబ్దం సన్నబడింది, ఒక కీచు వినిపించింది, టక్కున ఆగిపోయింది. మళ్లీ లాగుదామంటే తాడు రాలేదు. పిస్టన్ పట్టేసింది. మెకానిక్ విప్పి చూపించాడు. పిస్టన్ ఒంటి మీద నిలువునా గీతలు, అద్దంలా ఉండాల్సిన సిలిండరు గోకినట్టు అయిపోయింది. అప్పుడు నూనె పోస్తే ఏం లాభం? చల్లారిన ఇంజిన్‌లో ఎంత పోసినా పడ్డ గీత పూడదు. సామాను రావడానికి నాలుగు రోజులన్నాడు.

అన్న కోపం తమ్ముడి మీదికి మళ్లింది. నీ క్యాన్ నా క్యాన్ పక్కన ఎందుకు పెట్టావన్నాడు. చూసుకోవాల్సింది నువ్వు కాదా అని తమ్ముడన్నాడు. వదినా మరదళ్లు బావి దగ్గర ముఖాలు తిప్పుకున్నారు. మేము రెండిళ్లకూ వెళ్లి ప్రార్థన చేశాం. రెండిళ్లలోనూ టీ ఇచ్చారు గానీ ఒకరి పేరు ఒకరు ఎత్తలేదు.

ప్రియులారా, ఇక్కడ ఒక మాట గమనించండి. ఈ రెండు ఇంజిన్ల విషయంలో రెండు రకాల పొరపాట్లు జరగొచ్చు. నూనె కలిపిన పెట్రోలు ఫోర్ స్ట్రోక్‌లో పోస్తే పొగ వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది, ఇంజిన్ నసుగుతుంది. ప్లగ్గు తుడిచి, ట్యాంకు వంపి, మంచి పెట్రోలు పోసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. నూనె లేని పెట్రోలు టూ స్ట్రోక్‌లో పోస్తే మాత్రం ముందుగా ఏ నసుగుడూ ఉండదు. ఇంకా హుషారుగా నడుస్తుంది. నడిచి నడిచి, ఒక్కసారే చస్తుంది.

పదిమంది కన్యకల ఉపమానంలో మమ్మల్ని ఎప్పుడూ ఆపేది ఇదే. సాయంత్రం బయలుదేరినప్పుడు పది దివిటీలూ వెలిగాయి. బుద్ధిలేని ఐదుగురి దివిటీలు మసకగా వెలిగాయని ప్రభువు చెప్పలేదు. పదిమందీ కునికారు, పదిమందీ నిద్రపోయారు. అర్ధరాత్రి కేక వినబడేదాకా ఎవరు ఎవరో తెలియలేదు. తేడా మంటలో లేదు, సిద్దెలో ఉంది. బయటికి కనబడే వెలుగులో లేదు, కనబడకుండా దాచుకున్న నూనెలో ఉంది.

పెట్రోలు వేగమిస్తుంది. నూనె ఏ వేగమూ ఇవ్వదు. మందును ఒక్క అడుగు కూడా దూరం కొట్టదు. పైగా దానికి వేరే ఖర్చు. అందుకే తొందరలో ఉన్నవాడికి ముందుగా అనవసరం అనిపించేది నూనే. పరిచర్యలోనూ అంతే. రాత్రి కూటాలు, ఉపవాస కూడికలు, మైకు, పాటలు, పరుగులు అన్నీ పెట్రోలు. అవి ఉండాలి. రహస్య ప్రార్థన, వాక్యం ముందు మౌనంగా కూర్చోవడం, భార్యాబిడ్డలతో సమాధానంగా ఉండటం నూనె. వాటిని ఎవరూ చూడరు, వాటికి ఎవరూ చప్పట్లు కొట్టరు. అవి లేకుండా ఆరు నెలలు ఎంతో హుషారుగా, పొగ కూడా లేకుండా నడిచిన సేవకులను మేము చూశాం. ఆగిపోయిన రోజు తాడు లాగినా రాలేదు.

ఆ తర్వాతి సంక్రాంతి సెలవులకు మా సంఘంలోని ఒక యౌవనస్థుడు ఇంటికి వచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కాలేజీలో స్నేహితులతో కలిసి చిన్న విమానాలు తయారుచేసి, రిమోటుతో ఎగరేస్తారు. మూడు నాలుగు అడుగుల రెక్కల విమానం ఒకటి, దానికి పిడికిలంత ఇంజిన్, పక్కన ఒక డబ్బా ఇంధనం తెచ్చాడు. పిల్లలంతా చుట్టూ మూగారు. స్ప్రేయర్ పాడై మనసు కాలిన ఆ అన్న కూడా వచ్చి నిలబడ్డాడు. ఇది ఫోర్ స్ట్రోకా, టూ స్ట్రోకా అని అడిగాడు. ఫోర్ స్ట్రోక్ అన్నాడు అబ్బాయి. ‘అయితే ఒట్టి పెట్రోలేగా, నూనె కలపక్కర్లేదుగా’ అన్నాడు ఈయన, కష్టపడి నేర్చుకున్న పాఠం అప్పజెబుతున్నట్టు.

‘కాదు బాబాయ్, దీనికి కలపాల్సిందే’ అన్నాడు అబ్బాయి. మేమూ ఆశ్చర్యపోయాం.

అతను వివరంగా చెప్పాడు. జపాన్‌లో ఓ.ఎస్. అనే కంపెనీ 1976లో ఎఫ్ఎస్-60 పేరుతో ఇలాంటి చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ తెచ్చిందట. అప్పటినుంచి విమానాలు ఎగరేసేవాళ్లకు ఈ రకం మీద మోజు. టూ స్ట్రోక్‌లా గీపెట్టదు, నిజం విమానంలా గంభీరంగా మోగుతుంది, పెద్ద పంకాను నిదానంగా తిప్పుతుంది. అయితే ఇంత చిన్నదానికి, గాల్లో తలకిందులయ్యేదానికి, అడుగున నూనె గది పెట్టలేదు. కవాటాలు నాలుగు కదలికల ఇంజిన్‌వే గానీ, నూనె మాత్రం ఇంధనంతోనే రావాలి. పిస్టన్ పక్కల సందుల్లోంచి కొంచెం కొంచెంగా కిందికి జారే నూనే బేరింగులను తడుపుతుంది.

దాని ఇంధనం పెట్రోలు కూడా కాదు. మిథనాల్. అందులో నూటికి 15 నుంచి 20 వంతులు నూనె, 5 నుంచి 15 వంతులు నైట్రోమిథేన్. నైట్రో ఎందుకంటే, అది ఉంటే ఇంజిన్ నెమ్మది మీద కూడా ఆగకుండా నిలకడగా తిరుగుతుంది. పది, పదిహేను వంతులుంటే ఫోర్ స్ట్రోక్‌కు మంచిదని చాలామంది అంటారట. కొత్తవాళ్లంతా ముందు నైట్రో ఎంత అని అడుగుతారు, తెలిసినవాళ్లు ముందు నూనె ఎంత, ఏ నూనె అని అడుగుతారు, అన్నాడు ఆ అబ్బాయి. మాకు ఆ మాట చాలు, ఒక ప్రసంగానికి సరిపోతుంది.

ఏ నూనె అంటారా? వినండి. ఆముదం. మన అమ్మమ్మలు తలకు రాసిన ఆముదమే. అది మిథనాల్‌లో చక్కగా కలిసిపోతుంది, పెట్రోల్లో అలా కలవదు. విపరీతమైన వేడిలో కూడా ఇనుమును వదలకుండా అంటిపెట్టుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లకు ఆముదమే పోసేవారు. దాని కష్టం దానికుంది. కాలినచోట బంకగా పేరుకుంటుంది. అందుకని ఇప్పుడు కొంత ఆముదం, కొంత కృత్రిమ నూనె కలుపుతున్నారు. మిథనాల్ మాత్రం విషం. కొంచెం లోపలికి పోయినా చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. ఎండలో దాని మంట కంటికి సరిగ్గా కనబడదు. అందుకే ఆ డబ్బాను పిల్లలకు అందకుండా ఎత్తున పెట్టించాం.

అంటే ఏమిటి? ‘ఫోర్ స్ట్రోక్’ అనే పేరు చూసి ఇంధనం పోయకూడదు. తోటలో స్ప్రేయర్‌కు ఉన్న పేరే ఈ విమానానికీ ఉంది, కానీ చేసినవాడు నూనెకు దారి వేరుగా పెట్టాడు. అడగాల్సింది ఇంజిన్ పేరు కాదు, చేసినవాడు నూనె ఎక్కడ పెట్టాడు అని.

జెకర్యా చూసిన దర్శనంలో ఒక బంగారు దీపస్తంభం ఉంది, పైన పాత్ర ఉంది, ఏడు దీపాలున్నాయి, వాటికి గొట్టాలున్నాయి, రెండు పక్కలా ఒలీవ చెట్లున్నాయి. దీపానికి నూనె ఎలా చేరుతుందో దేవుడు గొట్టాలతో సహా చూపించాడు. జెరుబ్బాబెలు ముందు కొండంత పని ఉంది. అది బలగంతో, భుజబలంతో కాదు, దేవుని ఆత్మ వలన జరుగుతుందని ఆ దర్శనానికి అర్థం చెప్పాడు. మందిరం కట్టే మనుషులు కావాలి, రాళ్లు కావాలి, కానీ నూనె చేరే దారి దేవుడు పెట్టినదే.

మనలో అందరికీ దేవుడు ఒకే దారి పెట్టలేదు. కొందరు టూ స్ట్రోక్ లాంటివాళ్లు. పొద్దున కూలికి వెళ్లి రాత్రికి వచ్చే తల్లికి గంటసేపు మోకరించే తీరిక ఉండదు. కలుపు తీస్తూ, కాయ కోస్తూ, ప్రతి పనిలోనూ ప్రార్థన కలుపుకుంటూ పోవాలి. ఆమె ప్రతి లీటరుకూ నూనె కలిపే మనిషి. కొందరికి తెల్లవారుజామున నిశ్శబ్దం దొరుకుతుంది. వాళ్ల నూనె లోపలి గదిలో ఉంటుంది, ఎవరికీ కనబడదు, కానీ మట్టం చూసుకోకపోతే వాళ్లకే ప్రమాదం. ఒకరి పద్ధతి ఇంకొకరి మీద రుద్ది, నువ్వు ప్రార్థించడం లేదని తీర్పు తీర్చకండి. నూనె లేకుండా నడవగల ఇంజిన్ మాత్రం మనలో ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. ఇంధనం మంచిదైతే చాలదు, తాజాదై ఉండాలి. మన బంకుల్లో దొరికే పెట్రోలు ఇప్పుడు పాతకాలపు పెట్రోలు కాదు. దేశమంతటా పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. 2022 నాటికి 10 శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన ఇ-20 అమ్మకం మొదలైంది, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. విదేశీ చమురు కొనే డబ్బు మిగులుతుందని, చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి తీస్తారు గనుక రైతుకు మేలని ప్రభుత్వం చెబుతుంది. ఆ చర్చ మనది కాదు. మనకు కావాల్సింది ఒక్కటే: ఇథనాల్ నీటిని పిలుస్తుంది. గాలిలోని తడిని మెల్లగా లాక్కుంటుంది. తడి ఒక హద్దు దాటితే, ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. ట్యాంకులో గొట్టం పీల్చేది అడుగునుంచే. పైన మంచి పెట్రోలు కనిపిస్తూనే ఉంటుంది, ఇంజిన్‌కు అందేది నీళ్లు.

యౌవనస్థుల కూడికలో దీన్ని చేసి చూపించాం, ఆరుబయట, నిప్పుకు దూరంగా. గీతలున్న గాజు సీసాలో పెట్రోలు, కొంచెం నీళ్లు పోసి, కుదిపి, నిలబెట్టాం. పోసినదానికన్నా నీళ్లు ఎక్కువైనట్టు అడుగు గీత పైకి లేచింది. పెట్రోల్లోని ఇథనాల్ నీటిలోకి దిగిపోయింది. ఇన్నాళ్లూ కలిసి ఉన్నట్టు కనిపించింది, నీళ్లు రాగానే ఎవరితో వెళ్లాలో తేల్చుకుంది.

పాత స్ప్రేయర్లలో రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ లోపలి పలుచని పొరలు ఎక్కువ ఇథనాల్‌కు ఉబ్బి, పగులుతాయి. చాలా చిన్న ఇంజిన్ల పుస్తకాల్లో 10 శాతం వరకే అని రాసి ఉంటుంది. కాబట్టి పెట్రోలు కొంచెం కొంచెంగా తెచ్చుకోండి. ఆ రోజుకు సరిపడా మాత్రమే నూనె కలపండి. సీజను అయ్యాక ట్యాంకు వంపి, మిగిలింది కాలి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి, అప్పుడు అటకెక్కించండి. మా మందిరం జనరేటర్‌కు క్రిస్మస్ కూటాలు అయ్యాక, వేసవి కూటాలు అయ్యాక ఇదే చేస్తాం. ఆ విమానం అబ్బాయి ఏ రోజుకారోజే చేస్తాడు. మిథనాల్ కూడా తడిని లాగేదే. సాయంత్రం లోపలున్నదంతా కాల్చేసి, బేరింగులు తుప్పు పట్టకుండా రెండు చుక్కల నూనె వేసి తిప్పి పెడతాడు.

ఇశ్రాయేలీయులకు మన్నా కురిసినప్పుడు దేవుడు పెట్టిన నియమం ఇదే కదా. ఏ పూటకాపూట ఏరుకోవాలి. మాట వినక మర్నాటికి దాచుకున్నది పురుగుపట్టి కంపుకొట్టింది. నిన్న అది పరలోకపు ఆహారమే, అబద్ధం కాదు. ఇవాళ్టికి మాత్రం పనికిరాలేదు. పదేళ్ల కిందటి రక్షణ సాక్ష్యమే ప్రతి కూడికలో చెప్పుకుంటూ, ఈ వారం దేవుడు ఏమి మాట్లాడాడంటే నీళ్లు నమిలేవాళ్లం కాకూడదు.

చివరిగా, ఏ ఇంధనంతో నడుస్తున్నాం అన్న ప్రశ్న మన ప్రాంతపు సంఘ చరిత్రలోనే ఉంది. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలీ ఇప్పించారు. జనం బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఆపారు. అన్నం కోసం కలిశారనే మాట రాకూడదని, వాళ్లను నడిపించేది ఆకలో విశ్వాసమో తేలాలని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనలో ఎంతోమంది తాతముత్తాతలు ఆ ఏటిలో దిగినవాళ్లే. కూలీ ఇవ్వడం ఆయన ఆపలేదు, అది ప్రేమ. కానీ కూలీనీ విశ్వాసాన్నీ ఒకే క్యాన్‌లో పోయలేదు.

ఆ అన్నదమ్ముల సంగతి చెప్పకుండా ముగించలేం. ఇంజిన్ పట్టేసిన రెండో రాత్రి తమ్ముడు తన కొత్త స్ప్రేయర్ తెచ్చి అన్న గుమ్మంలో పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పొద్దున అన్న దాన్ని చూశాడు, ముట్టుకోలేదు. చేను అలాగే ఉంది, పురుగు అలాగే ఉంది. మధ్యాహ్నం ఆయన భార్య, ‘ఇది నీ తమ్ముడు నీ మీద పోసిన నూనె, వద్దంటావా’ అంది. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. సాయంత్రం ఆయన దాన్ని వీపుకెత్తుకున్నాడు.

అయినా ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రాలేదు, వెనక బెంచీలోనే కూర్చున్నాడు. అర్పణను బలిపీఠం దగ్గర విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట ఆయనకు తెలుసు. మేము పిలవలేదు. మరుసటి ఆదివారం ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు. పంట మాత్రం మేము ప్రార్థించినంత దక్కలేదు, సగమే వచ్చింది. ఆ ఏడాది ఏ స్ప్రేయర్ ఉన్నవాళ్లకైనా అంతే. అప్పు రెండేళ్లు తీర్చారు, ఇద్దరూ కలిసి.

ఇప్పుడు ఆ కొట్టంలో రెండు క్యాన్లకూ ఎర్ర రంగుతో పేర్లున్నాయి, ఒకటి తలుపుకు ఈ పక్క, ఒకటి ఆ పక్క. మీ ఇళ్లలోనూ అలా రాసి పెట్టుకోండి. రాసుకుంటూ మీ హృదయాన్ని కూడా అడగండి: ఈ వారం నన్ను నడిపించింది ఏమిటి? పోటీయా, భయమా, పదిమంది మెప్పా, ప్రభువు ప్రేమా? నాలో నూనె మట్టం చూసుకుని ఎన్ని రోజులైంది? నా పక్కవాడు ఎంత చురుగ్గా నడుస్తున్నాడని చూస్తున్నానా, అతనిలో నూనె ఉందో లేదో అని ఒక్కసారైనా ప్రేమతో అడిగానా?

ప్రార్థన: మమ్మల్ని చేసిన తండ్రీ, మాలో ఎవరికి ఏ దారిన నూనె చేరాలో నీకే తెలుసు. మా హుషారును చూసి మేము మోసపోకుండా కాపాడు. నిన్నటి మన్నా మీద బతకకుండా ఈ ఉదయం నీ చేతినుంచి తీసుకోనివ్వు. చేలల్లో మందు కొట్టే నీ బిడ్డల ఊపిరినీ చూపునూ కాపాడు. మాటలు లేని అన్నదమ్ముల మధ్య నీ ఆత్మ తైలం పోయి. అర్ధరాత్రి కేక వినబడినప్పుడు మా దివిటీలు వెలుగుతూ ఉండేలా చేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని, మా సంఘాన్ని, ఈ ఏటి పత్తి, మిరప పైర్లను జ్ఞాపకం చేసుకోండి.